కఠోర ముని చెయ్యి అడ్డం పెట్టలేదు

పంజాగుట్ట,
మంగళవారం.

అన్నలక్ష్మి వేషం కట్టినవారికి, మణిమేడ ఆట నడిపే విజయేందర్ నమస్తే పెట్టి రాసేది:

మీ అసలు పేరు నాకు ఎర్కలేదు. మన ఆటల ఎవ్వరి అసలు పేరు అడగం, గదే మన పద్ధతి. నలభై మందిమి ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద కూసొని, ఒక్కొక్కరం ఒక్కో వేషం పట్టుకొని, మణిమేడ అనే రాజ్యం కథ కలిసి రాసుకుంటం. ఒకరు రాజు, ఒకరు సేనాపతి, మీరు రాజసత్రం నడిపే అన్నలక్ష్మి. మీరు వచ్చి మూడు వారాలైంది. గీ మూడు వారాలల్ల మీ మీద పదకొండు ఫిర్యాదులు వచ్చినయి.

అన్నీ ఒక్క తీరువే. మంది వేషాలు ఏం జేయాల్నో సుత మీరే రాస్తున్నరు. నిన్న గిట్ల రాసిండ్రు: "సేనాపతి ఆవురావురుమంటూ పులిహోర మూడుసార్లు పెట్టించుకుని వేళ్లు నాక్కున్నాడు." సేనాపతి అప్పుడు యుద్ధంల ఉన్నడు. గుర్రం మీద ఉన్నడు. ఆయన నాకు మెసేజ్ మీద మెసేజ్ పెట్టి "అన్నా, నేను వేళ్లు నాకలె" అని మొత్తుకున్నడు.

మీ వేషం ఏం చేస్తదో మీరు రాయాలె. ఎదుటోళ్లు ఏం చేస్తరో వాళ్లు రాసుకుంటరు. మీరు వడ్డియ్యుండ్రి, తింటరా లేదా అని ఆగుండ్రి. గంతే. జర సమజ్ చేసుకోండ్రి.

ఇట్లు,
విజయేందర్

తా.క.: సేనాపతి గుర్రానికి సుత మీరు బెల్లం ముక్క తినబెట్టిండ్రట. గుర్రం వేషం వేసినాయన వేరే ఉన్నడు. ఆయనకు షుగర్.


అమీర్‌పేట,
బుధవారం.

విజయేందర్ గారికి, కమలకుమారి ఆశీర్వదించి రాస్తున్నాను.

మీరు పేర్లు అడగమన్నారు, బాగానే ఉంది. పేరు లేకుండా ఉత్తరం రాయడం మాత్రం నాకు చేతకాదు. మాది అమలాపురం దగ్గర. ఇరవై రెండేళ్లుగా అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. కోచింగులకి వచ్చిన పిల్లలు అరవై మంది ఉంటారు. పోయిన నెల మా అక్క కూతురు పింకీ వచ్చి, "ఏంటి పిన్నీ, పొద్దస్తమానం ఒక్కదానివీ ఆఫీసు గదిలో కూర్చుని సీసీ కెమెరా చూస్తావు" అని నా ఫోన్లో ఈ ఆట పెట్టి వెళ్లింది. అదీ సంగతి.

ఇకపోతే మీ ఫిర్యాదు. బాబూ, అన్నం పెట్టడం తప్పని నా జన్మలో మొదటిసారి విన్నాను. యుద్ధంలో ఉంటే మాత్రం సేనాపతికి ఆకలెయ్యదా? "తింటరా లేదా అని ఆగుండ్రి" అని రాశారు. మావైపు అలా ఆగితే వచ్చినవాడు ఆకలితోనే లేచిపోతాడు. మావైపు మొదటి "వద్దు" మర్యాద కోసం. రెండో "వద్దు" అంటే ఇంకొంచెం వెయ్యమని. మూడోసారి విస్తరి మీదకి వంగి చెయ్యి అడ్డం పెడితే, అప్పుడు ఆగుతాం. అది కూడా పెరుగు దగ్గర వర్తించదు.

నిన్న సాయంత్రం కఠోర ముని సత్రం అరుగు మీద కూర్చున్నారు. చూస్తే డొక్కలు ఎండిపోయి ఉన్నారు. భోంచెయ్యమంటే "వద్దు తల్లీ" అని రాశారు. మళ్లీ అడిగితే మళ్లీ "వద్దు తల్లీ" అన్నారు. చెయ్యి అడ్డం పెట్టినట్టు ఎక్కడా రాయలేదు. కాబట్టి గుత్తివంకాయ కూరతో కడుపు నిండా భోంచేసి, పెరుగన్నం దగ్గర బ్రేవుమన్నట్టు నేనే రాసేశాను. ఆ మనిషి మొహమాటస్తుడు, తనంతట తాను రాసుకోలేడు పాపం.

ఉంటాను,
కమలకుమారి

తా.క.: నిన్న రాజసభలో పొరపాటున "గీజర్ మళ్లీ పోయింది, వెతికి పట్టుకురా" అని రాశాను. అది గీజర్ బాగుచేసే అతని నంబరు కోసం మా వాచ్‌మన్ పెంటయ్యకి పంపబోయింది. ఎవరూ పట్టించుకోలేదనుకుంటాను.


పంజాగుట్ట,
గురువారం.

కమలకుమారి ఆంటీకి, విజయేందర్ తల పట్టుకొని రాసేది:

ఆంటీ, కఠోర మునికి తినబెట్టిన అని మీరు ఖుషీగ రాసిండ్రు. గది చదివి నేను మా దుకాణంల గిరాకీకి పెట్టాల్సిన కండ్లద్దాలు నేనే పెట్టుకున్న. గా ముని నూరు రోజుల వ్రతంల ఉన్నడు! ఉప్పు లేని పప్పు, నీళ్ల చారు, పలుకు పలుకుగ అన్నం. ఆదివారం మాత్రం సగం కోడిగుడ్డు. ఇంకేం ముట్టొద్దు. నూరు రోజులు నిండితె, శాపంతోని రాయైపోయిన రాజకుమారి లేచి కూసుంటది. మీరు గుత్తివంకాయ పెట్టింది తొంభై మూడు రోజులు నిండినంక.

మూడు నెలల సంది గా ఆటగాడు రోజు తప్పకుంట రాసుకుంటొచ్చిండు. మందికి తన వ్రతం ముచ్చట చెప్పుకోలె, వద్దు అని మర్యాదగ అన్నడు. మన ఆటల వద్దంటె వద్దే ఆంటీ. ఒక్కసారి అన్నా వద్దే. చెయ్యి అడ్డం పెట్టుడు, విస్తరి మీద వంగుడు ఏం ఉండయ్.

అందరు మస్తు కోపం మీదున్నరు. రాత్రి ఓటింగ్ అయింది. గా ముని ఆటగాడు ఆదివారం సాయంత్రం లోపట మిమ్ముల మాఫ్ చేస్తెనే మీరు ఆటల ఉంటరు. లేకుంటె అన్నలక్ష్మిని తీసేస్తరు. గిదాంట్ల నేను సుత ఏం చెయ్యలేను.

ఇట్లు,
విజయేందర్

తా.క. 1: రాజకుమారి వేషం వేసినామె మూడు నెలల సంది రోజు వచ్చి, రాయి కాబట్టి మూడు చుక్కలు పెట్టి పోతున్నది. నిన్న నాలుగు చుక్కలు పెట్టింది. గంత కోపం ఆమెకు ఎన్నడు రాలె.

తా.క. 2: గీజర్‌ను పట్టించుకున్నరు. గీజరుడు అని రాక్షసుడు చెరసాల నుంచి పారిపోయిండని సేనాపతి రెండు వందల గుర్రాలు తీస్కొని అడవిల దేవులాడుతున్నడు.


అమీర్‌పేట,
శుక్రవారం ఉదయం.

విజయేందర్ గారికి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కమలకుమారి రాస్తున్నది.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ చెవులు వేడెక్కిపోయాయి. తొంభై మూడు రోజులు బాబూ! నేను పట్టుమని మూడు శనివారాలు ఒంటిపూట ఉండలేను. అలాంటిది ఎవరో మహానుభావుడు అంత నిష్ఠగా ఉంటే, నేను వెళ్లి వంకాయ పెట్టానా? ఛీ, నా చేతులు విరిగిపోను.

మీ దగ్గర దాపరికం ఎందుకు? ఆటలోంచి తీసేస్తారన్న మాట చదివాక నాకు టిఫిన్ దిగలేదు. ఈ హాస్టల్లో పొద్దున్న లేచింది మొదలు నన్ను పిలిచేది గీజర్ కోసం, వైఫై కోసం. ఇంకెందుకూ పిలవరు. మణిమేడలో అయితే ఒక్కరోజు రాకపోతే "అన్నలక్ష్మమ్మ ఏదీ?" అని అడుగుతారు. నవ్వకండి, ఆ మాట కోసం నేను పొద్దున్న తొమ్మిదింటికల్లా తలదువ్వుకుని కూర్చుంటున్నాను. ఫోన్లో నన్నెవరూ చూడరని తెలుసు, అయినా దువ్వుకుంటాను.

అందుకని ఆదివారం దాకా ఆగకుండా నిన్ననే రాజసభలో అందరి ముందూ చెంపలేసుకున్నాను. "అయ్యా, తప్పు నాదే, మునిగారికి ద్రోహం చేశాను, నాకు ఏ శిక్షయినా వెయ్యండి" అని రాశాను. దానికి రాజుగారు, "అయితే విషం కలిపింది నువ్వేనా? భటులారా, దీన్ని బంధించండి!" అన్నారు. విషమేంటండీ! మంచి నువ్వుల నూనె వేశాను.

ఇట్లు, సిగ్గుతో,
కమలకుమారి

తా.క.: నన్ను చెరసాలలో వేశారట. శనివారం పదింటికి విచారణకి హాజరు కావాలట. ఎక్కడికి రావాలి? ఆధార్ కార్డు జిరాక్సు సరిపోతుందా, అసలుదే తేవాలా?


పంజాగుట్ట,
శుక్రవారం మధ్యాహ్నం.

కమలకుమారి ఆంటీకి, విజయేందర్ పరేషాన్ల రాసేది:

ఆంటీ, ఎక్కడికీ రావద్దు. ఆధార్ కార్డు బీరువాల పెట్టుండ్రి. చెరసాలకు పోయింది అన్నలక్ష్మి, మీరు కాదు.

తప్పు నాదే, మీకు ముందుగాల్నే చెప్పాలె. ఆటల మామూలుగ రాసింది వేషం మాట. సొంత మాట చెప్పాలంటె రెండు రెండు బ్రాకెట్ల నడుమ రాయాలె. అప్పుడు అందరికి సమజైతది, గిది అన్నలక్ష్మి కాదు, వెనుక ఉన్న మనిషి మాట్లాడుతున్నదని. మీరు బ్రాకెట్లు లేకుంట మాఫీ అడిగిండ్రు. అందుకే అన్నలక్ష్మి నేరం ఒప్పుకున్నదని రాజు కథ ముంగటికి తీస్కపోయిండు. ఆయన తప్పేం లేదు, రాజు మంచిగనే ఆడుతున్నడు.

అసలు ఫికర్ వేరే ఉన్నది. ముని ఆటగాడు మూడు రోజుల సంది ఆటకు వస్తలేరు. నేను బ్రాకెట్ల అడిగితె ఒక్కటే ముక్క జవాబిచ్చిండ్రు: "ఇగ నాకు ఓపిక లేదు." నాకు బాధైంది. ఆటల గెలుచుడు ఓడుడు ఏం లేదు, ఒకరి కథను ఇంకొకరు కాపాడుడే ఉన్నది. గది పోతె ఆట పోయినట్టే.

ఒక్క మాట గట్టిగ చెప్తున్న. ఆ మనిషి ఎవరు, ఏడుంటరు అని మీరు దేవులాడొద్దు. అసలు పేరు, ఇల్లు, ఊరు ఎవ్వరివి అడగొద్దు. గిది అన్నిటికన్న పెద్ద తప్పు.

ఇట్లు,
విజయేందర్

తా.క.: మీరు చెరసాలల సుత వంట మొదలుపెట్టిండ్రని ఇప్పుడే చూసిన. కాపలా భటుడు ఉప్మా తిన్నట్టు రాయకుండ్రి. పెట్టి ఆగుండ్రి.


అమీర్‌పేట,
శనివారం.

విజయేందర్ బాబుకి, కమలకుమారి ధైర్యం చేసి రాస్తున్నది.

మీరు వెతకొద్దన్నారు. నేను వెతకలేదు, ఊహించాను. ఉప్పు లేని పప్పు, నీళ్ల చారు! అది వ్రతం కాదు బాబూ, పథ్యం. ఆయనకి నిజంగానే కడుపులో పుండు ఉండి ఉంటుంది. లక్డీకాపూల్ వైపు ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరయిన పెద్దమనిషి అయ్యుంటాడు. ముని శాపం పెట్టేటప్పుడు కూడా "తగు చర్య తీసుకొనబడును" అని రాశాడు, నేను చూశాను. వండిపెట్టేవాళ్లు లేక చప్పిడి తిండి తింటూ, ఆ బాధని ఆటలో రాసుకుంటున్నాడు. 

ఒక్కటే అర్థం కాలేదు. ముని అన్నవాడు గుడ్డు తినడమేంటి? తింటే తిన్నాడు, సగమేంటి?

సరే, రెండు బ్రాకెట్ల మధ్య ఎంత రాసినా కడుపు నిండదు కదా. అందుకని పెంటయ్య చేత మీ దుకాణానికి కేరియర్ పంపిస్తున్నాను. మీరు అడ్రసు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోన్లో వచ్చే మీ ఉత్తరాల అడుగున కళ్లద్దాల దుకాణం పేరు, పంజాగుట్ట చౌరస్తా అని దానంతటదే అచ్చయి వస్తోంది. నాలుగు గిన్నెల్లో గుత్తివంకాయ, ముద్దపప్పు, నెయ్యి, మీగడ పెరుగు ఉన్నాయి. పుండు ఉన్న మనిషని వంకాయకి కారం తగ్గించాను. ఆయనెవరో నాకు చెప్పొద్దు. చేర్చండి చాలు. క్షమిస్తే క్షమిస్తాడు, లేకపోతే అన్నం అయినా తింటాడు.

ఇట్లు,
కమలకుమారి

తా.క.: కేరియర్ మూత మీద నా పేరు చెక్కించి ఉంది. ఎక్కడ పోయినా తిరిగొస్తుంది.


పంజాగుట్ట,
శనివారం సాయంత్రం.

కమలకుమారి ఆంటీకి, ఇజ్జత్ పోయిన విజయేందర్ రాసేది:

మీ పెంటయ్య పదకొండింటికి దుకాణంల అడుగుపెట్టిండు. ఎనిమిది మంది గిరాకులున్నరు. మా సేఠ్ ఉన్నడు. నడుమ నిలబడి "మునిగారు ఎవరు సార్? బువ్వ తెచ్చిన" అని గట్టిగ అడిగిండు. నేను చెయ్యి లేపిన. ఇగ చూడు, సేఠ్ నన్ను పొద్దుమీకేదాక "స్వామీ" అని పిలిచిండు.

మీ మీద కోపం చేద్దామనుకున్న గాని కేరియర్ మూత తియ్యంగనే వాసనకు కోపం పోయింది. ముని ఆటగాడికి బ్రాకెట్ల రాసిన: "మీకోసం ఒకరు అన్నం పంపిండ్రు, మీ పేరు వాళ్లకు తెల్వదు, వద్దంటె వాపస్ పంపిస్త." గంటసేపు గిరాకీ చూసుకున్న. తర్వాత "నేనే వచ్చి తీస్కుంట" అన్నరు. పంజాగుట్ట మెట్రో మెట్ల కాడ ఇచ్చిన.

ఎవరో చెప్పను. కాని ఆంటీ, లక్డీకాపూల్ గాదు, రిటైర్ గాదు, పుండు గాదు. కేరియర్ చేతిలకు తీస్కొని మూత మీది పేరు చదివిండ్రు. "గిది నాకా? మంచిగ కనుక్కున్నరా?" అని రెండుసార్లు అడిగిండ్రు. తర్వాత గాడనే మెట్ల మీద కూసొని తిన్నరు. నేను అటు మొకం తిప్పుకొని నిలబడ్డ. తినేటప్పుడు ఏడ్చేటోళ్లను చూడొద్దని.

ఇట్లు,
విజయేందర్

తా.క.: ఒక వంకాయ తక్కువ ఉన్నదని వాళ్లు అనలె గాని నేనే చెప్తున్న. అది నేను తిన్న. సిగ్గుగున్నది. మస్తుగున్నది.


అమీర్‌పేట,
బుధవారం.

చిరంజీవి విజయేందర్‌కి,

నాలుగు రోజులు ఉత్తరం రాయలేకపోయాను. రాద్దామని ఫోన్ పట్టుకుంటే సిగ్గు ముంచుకొచ్చేది. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ మనిషి "చెప్పుండ్రి ఆంటీ, ఏం కాదు" అన్నాకే రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్న ఆఫీసు గది తలుపు తీస్తే బల్ల మీద నా కేరియర్ ఉంది. తళతళా తోమి ఉంది. నువ్వు తెచ్చావేమో, ఎంత మంచి కుర్రాడు అనుకున్నాను. పెంటయ్యని అడిగితే, "బయటోళ్లు ఎవ్వరు రాలేదమ్మా, రెండో అంతస్తు పిల్ల పెట్టిపోయింది" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు బాబూ. అర్థమయ్యాక మెట్లెక్కడానికి పది నిమిషాలు పట్టింది. నా వంటింటి నుంచి పంజాగుట్ట వెళ్లిన అన్నం, మళ్లీ నా హాస్టల్ రెండో అంతస్తుకే వచ్చింది. 203లో కిటికీ పక్క మంచం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తోంది. మెదక్ దగ్గర పిల్ల, పేరు దివ్యశ్రీ. ఎనిమిది నెలల నుంచి ఉందట. ఆ పిల్లే కఠోర ముని.

నన్ను చూసి లేచి నిలబడింది. "ఆంటీ, మూత మీద మీ పేరు చదివిన. నన్ను పట్టుకున్నరనుకున్న" అంది. నేనే దొంగనని ఆ పిల్లకేం తెలుసు? "అంత కఠినమైన వ్రతం ఎందుకు పెట్టుకున్నావమ్మా?" అని అడిగాను.

"నేనేడ పెట్టుకున్న ఆంటీ? మన మెస్‌ల పెట్టేదే రాసిన. రోజు తినేదాన్ని వ్రతం అనుకుంటె జర మింగుడు పడ్తదని. నూరు రోజులైతె నా కోర్సు అయిపోతది."

"మరి సగం గుడ్డు?"

"ఆదివారం తలకు సగమే ఇస్తరు గద. మీకు తెల్వదా?"

తెలియదు బాబూ. నీకు చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. రెండేళ్ల క్రితం వంటగది ఒక కాంట్రాక్టరుకి అప్పగించి, మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. నాకు ఆ తిండి సయించదని మేడ మీద నా గదిలో విడిగా పొయ్యి పెట్టుకున్నాను. గుత్తివంకాయ అక్కడ వండుకుంటాను, ఒక్కదానికే. ఆ తిరగమోత వాసన సరిగ్గా 203 కిటికీలోకి వెళుతుందట. దివ్యశ్రీ అలా అంటుంటే గదిలో మిగతా ముగ్గురు పిల్లలూ నేల చూపులు చూశారు. ఫోన్లో ఊరివాళ్లందరికీ వద్దన్నా వడ్డించి, కళ్లెదురుగా ఉన్న అరవై మందికి నీళ్ల చారు పోయించిన దాన్ని. ఆ క్షణంలో చచ్చిపోదామనిపించింది.

"అన్నలక్ష్మిని నేనేనమ్మా, నన్ను క్షమించు" అన్నాను. బ్రాకెట్లు పెట్టాలో అక్కర్లేదో కూడా తెలియలేదు. ఆ పిల్ల, "మాఫ్ చేసిన ఆంటీ. ఓటింగోళ్లకు సుత చెప్త. కాని వ్రతం ఏడు రోజులు మిగిలింది. ఎవరన్న నింపకుంటె రాజకుమారి లేవది" అంది. తలొంచుకుని ఒప్పుకున్నాను.

కాంట్రాక్టరుని ఆదివారమే పంపించేశాను. సోమవారం నుంచి అరవై మందికీ నేనే నిలబడి వండుతున్నాను. సోమవారం ముద్దపప్పు, వంకాయ. నిన్న గోంగూర. వండటం అయ్యాక, నా ఒక్కదాని కోసం చిన్న గిన్నెలో ఉప్పు లేని పప్పు, నీళ్ల చారు విడిగా కాస్తున్నాను. పలుకు అన్నం కూడా విడిగా వార్చాలి, అది బాగా వండటం కన్నా కష్టంగా ఉంది. మెస్‌లో పిల్లల మధ్య కూర్చుని తింటున్నాను. మొదటిరోజు రెండో ముద్దకే నీళ్ల గ్లాసు కోసం తడుముకున్నాను. దివ్యశ్రీ అందించింది. ఇవాళ మూడో రోజు. ఆదివారం వచ్చేస్తే బాగుండును, సగం గుడ్డు తగులుతుంది.

రాజకుమారి వేషం కట్టిన ఆవిడకి ఇంకొక్క నాలుగు రోజులు ఓపిక పట్టమని చెప్పు. ఈసారి తప్పకుండా లేపుతాం.

ఇట్లు,
కమలకుమారి

తా.క.: అరవై మంది పేర్లూ అడిగి కాగితం మీద రాసుకున్నాను. మణిమేడలో నలభై మందికీ ఎవరికేం కూర ఇష్టమో నాకు నోటికొచ్చు. ఇక్కడ ఇన్నేళ్లూ పిల్లల్ని మంచం నంబరుతోనే పిలిచాను. ఇవాళ మధ్యాహ్నం గోడ దగ్గర కూర్చున్న పిల్లని "అమ్మా సుమశ్రీ" అని పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిచాక పక్కమ్మాయి మోచేత్తో పొడిచింది. నా గొంతులో ఆ పేరు ఎప్పుడూ వినలేదట, ఇంకెవరినో పిలుస్తున్నాననుకుందట.